బట్టమేక కోసం ఒక మీసం

నా జీవితంలో చాలా వాదనల్లో ఓడిపోయాను. వాటి గురించి నాకేమీ బాధ లేదు. ఇప్పుడు చెప్పబోయేది నేను గెలిచిన వాదన గురించి. అంత ఘోరంగా గెలిచిన మనిషి అటు పాలమూరు జిల్లాలోనూ ఇటు నల్లగొండ జిల్లాలోనూ ఇంకొకడు ఉండడు. ఆ గెలుపు దెబ్బకు ఒక పక్షి ప్రాణం పోబోయింది, నా ముఖం మీది ఆస్తి ఒకటి నిజంగానే పోయింది. చేతిలో టీ గ్లాసు ఉన్నవాళ్లు దాన్ని కింద పెట్టి చదవడం మంచిది. తర్వాత పొరబోయిందని నన్ను అనవద్దు.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్త రోజులవి. మాది చిట్యాల. నల్లగొండలో మాకొక చర్చా మండలి ఉండేది. దేవుడు లేడని రుజువు చెయ్యడానికి మాకు ఒక బీడీ కాలేంత సమయం చాలు. జాతరలకు వెళ్లి పూనకం వచ్చినవాళ్లను ప్రశ్నలు అడిగేవాళ్లం. నిప్పుల మీద నడిచేవాళ్ల వెంట మేమూ నడిచి, కాళ్లు బొబ్బలెక్కినా ఎక్కలేదని ఉపన్యాసం ఇచ్చేవాళ్లం. అందరిలోకీ పెద్ద గొంతు నాది, పెద్ద మీసం కూడా నాదే. నేను సభలోకి వస్తుంటే ముందు మీసం వచ్చేది, తర్వాత కాసేపటికి నేను వచ్చేవాణ్ణి.

ఇటువంటి మనిషికి ప్రభుత్వం ఏ ఉద్యోగం ఇవ్వకూడదో సరిగ్గా ఆ ఉద్యోగమే ఇచ్చింది. మక్తల్ దగ్గర బ్లాకు ఆఫీసులో సాంఘిక విద్య చెప్పే పని. ఊరూరా తిరిగి జనానికి మంచి మాటలు చెప్పాలి. ఒకరోజు పైనుంచి ఉత్తరువు వచ్చింది: అడవి జీవాలు తరిగిపోతున్నాయి, వాటిని చంపవద్దని ప్రజలకు బోధించండి అని. దానితో పాటు బొమ్మల పటాల చుట్ట ఒకటి పంపారు. వాటిని ఏ దేశంలో గీశారో, ఎవరి కోసం గీశారో నాకు తెలియదు. చుట్ట చంకన పెట్టుకుని, సైకిలెక్కి, మక్తల్‌కు పడమటి దిక్కున ఉన్న ఒక ఊరికి పోయాను. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

చావడిలో జనం కూర్చున్నారు. ఎక్కువమంది గొర్లు కాసుకునే కుటుంబాలవాళ్లు. ముందు వరసలో ఎల్లవ్వ అనే పెద్దావిడ కూర్చుంది. ఊళ్లో పెద్ద మంద ఆమెదే, పెద్ద నోరు కూడా ఆమెదే. నేను మొదటి పటం విప్పాను. నల్లటి తల, నల్లటి కాళ్లు, మధ్యలో ఒళ్లంతా తెలుపు, కిందికి వేలాడే ముక్కు.

"గిదేం జీవం సారూ?" అంది ఎల్లవ్వ.

"దీన్ని టాపిర్ అంటారు. మలయా అడవుల్లో ఉంటుంది."

"పంది తీరుగున్నది. ముక్కేమో ఏనుగు పిల్లది. నడుముకు ఎవలో తెల్లదోతి సుట్టిన్రు."

"ఈ జాతి తరిగిపోతోంది అవ్వా. దీన్ని ఎవరూ చంపకూడదు."

"సంపం సారూ. ఊరందరి తరఫున జెప్తున్న. మా బీట్లకొస్తే నీళ్లు దాపి, మలయాకు దారి సూపిచ్చి పంపుతం."

ఊరు ఊరంతా చేతులెత్తి ప్రమాణం చేసింది. ఆ ప్రమాణం ఈనాటికీ చెక్కుచెదరలేదు. మక్తల్ ప్రాంతంలో ఒక్క టాపిర్‌ను కూడా ఎవరూ చంపలేదు. ఇంత సంపూర్ణమైన విజయం సాంఘిక విద్యా చరిత్రలోనే లేదనుకుంటాను.

అయినా నాకు అనుమానం రాకపోలేదు. "మరి మీ గడ్డిబీట్లో ఏమున్నాయి అవ్వా?" అని అడిగాను. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎల్లవ్వ నన్ను పై నుంచి కింది దాకా కొలిచింది. "నువ్వు తుపాకి పట్టేటోని లెక్క లేవు. పొద్దుగాల రా, సూపిస్త" అంది.

మర్నాడు తెల్లవారగానే ఆమె వెంట బీడుకు పోయాను. వానలు పడి గడ్డి మోకాలెత్తు లేచి ఉంది. కనుచూపు మేర చెట్టన్నది లేదు, నేల ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అంత ఖాళీ జాగాలో చూడడానికి ఏముంటుందని విసుక్కుంటూ నడుస్తున్నాను. ఎల్లవ్వ నా భుజం పట్టి ఆపింది.

గడ్డిలోంచి ఒక మెడ లేచింది. తెల్లటి మెడ, పైన నల్లటి టోపీ. దాని కింద మనిషి నడుమెత్తు పక్షి. అది మమ్మల్ని చూసింది. భయపడి కాదు, సభకు ఆలస్యంగా వచ్చినవాణ్ణి అధ్యక్షుడు చూసినట్టు చూసింది. తర్వాత ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ నడిచిపోయింది. కొంత దూరం పోయాక పరుగెత్తి రెక్కలు విప్పింది. గాలిలో పెద్ద గొంగడి దులిపినట్టు చప్పుడు. అంత బరువు నేలను విడిచి లేవగలదని కళ్లతో చూస్తూ కూడా నమ్మలేకపోయాను. నోట్లో మాట లేదు. నా నోట్లో మాట లేకపోవడం మా చర్చా మండలి ఏనాడూ చూడని వింత.

"బట్టమేక పిట్ట సారూ," అంది ఎల్లవ్వ మెల్లగా. "నా పెండ్లయిన కొత్తల మందలు మందలు తిరిగేటియి. జీపులు, తుపాకులు ఒచ్చినంక అంతా వొడిసింది. ఈ బీట్ల మిగిలిన పుంజు గిదొక్కటే. పెట్ట ఉన్నది, ఆ దిబ్బ కాడ. ఉత్త నేల మీద ఒక్కటే గుడ్డు వెట్టి పొదుగుతాంది."

"మరి దీన్నెందుకు వదిలేశారు?"

"మా మందల దేవత మందమ్మ పిట్ట గదా. దాన్ని సంపితే మందలకు బొబ్బ రోగం తగుల్తది. మా ఊళ్లె ఎవ్వలు దాని జోలికి పోరు. బయటోల్లకు జాడ జెప్పరు."

ఇక్కడ కాస్త తెలివి ఉన్న మనిషి ఎవరైనా ఏం చేస్తాడో చెప్పండి. "చాలా మంచిదవ్వా" అని దండం పెట్టి సైకిలెక్కుతాడు. పనంతా నేను రాకముందే జరిగిపోయింది, ఆ పక్షికి పోలీసుల కంటే గట్టి కాపలా ఉంది. కానీ నా చెవిలో దేవత అన్న మాట పడింది. ఎండుగడ్డి మీద నిప్పురవ్వ పడ్డట్టయింది. పక్షిని మరిచాను, గుడ్డును మరిచాను, ఉద్యోగం ఎందుకిచ్చారో కూడా మరిచాను. కింద పడి ఉన్న బట్టమేక ఈక ఒకటి ఏరి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం సభ అని చాటింపు వేయించాను.

ఊరంతా వచ్చింది. పోలీసు పటేలు కూడా తెల్లటి దోతి కట్టుకుని వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. నేను ఎల్లవ్వను నిలబెట్టి మొదలుపెట్టాను.

"పోయినేడు నీ మందకు బొబ్బ రోగం వచ్చిందా అవ్వా?"

"ఒచ్చింది."

"అప్పుడు మీరు బట్టమేకను చంపారా?"

"రామ రామ. ఎందుకు సంపుతం?"

"అంటే చంపకపోయినా రోగం వచ్చింది. ఎట్లా తగ్గింది?"

"టీకాలేస్తే తగ్గింది."

"టీకా వేసింది మందమ్మా, పశువుల డాక్టరా?"

"డాక్టరే. డాక్టర్ను తోల్కొచ్చింది మందమ్మ."

జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పాప పుణ్యాలు పూజార్లు పొట్టకూటి కోసం పుట్టించిన మాటలన్నాను. చూపుడు వేలు పైకెత్తి "రుజువు చూపండి, రుజువు" అని చావడి కప్పు లేచిపోయేలా అరిచాను. ఆ ఊపులో జేబులోంచి ఈక తీసి తలపాగాలో గుచ్చుకున్నాను. నేరుగా ఎల్లవ్వ గొర్ల దొడ్లోకి పోయి, మంద మధ్యలో అటూ ఇటూ తిరిగాను. గొర్రెలు నన్ను చూసి నెమరు ఆపలేదు.

"ఈ ఈక పాపానికి రేపు పొద్దుగూకే లోపల ఈ మందలో జబ్బు చెయ్యడం కాదు, ఒక్క గొర్రె తుమ్మినా సరే," అన్నాను మీసం మీద చెయ్యి వేసి, "ఇదిగో, దీన్ని నలుగురిలో తీయించుకుంటాను. తుమ్మకపోతే శాపం లేదు, మందమ్మ లేదు, అది ఉత్త పిట్ట అని ఒప్పుకోవాలి."

పటేలు లేచి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల జోరు చూసైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ రాత్రి బ్రహ్మాండంగా నిద్ర పోయాను.

పొద్దున పటేలు ఇంటికి పోతే ఆయన అరుగు మీద కూర్చుని తుపాకికి నూనె పెడుతున్నాడు.

"రా సారూ, రా. ఒక్క గొర్రెన్న తుమ్మలేదు. నువ్వు మొగోనివి," అన్నాడు. "మా బావమరిది మక్తల్ల దిగిండు, షికారు పిచ్చోడు. ఎన్నేండ్ల సంది బట్టమేక కూర తినాలె అంటడు. గొర్లోల్లు జాడ జెప్పకపోయేది, నాకూ మంద ఉన్నదాయె, భయముండె. నీ మాట ఇన్నంక భయం పోయింది. రాత్రే మనిషిని పంపిన. పగటాల్లకు జీపొస్తది."

నేను గబగబా అరుగెక్కాను.

"పటేలా, ఇక్కడ మిగిలిన పుంజు అదొక్కటే."

"దాని బాగోగులు మందమ్మ సూసుకుంటది. అరె, లేదంటివి గదా."

"పెట్ట గుడ్డు మీద ఉంది. పాపం పటేలా."

"పాపమంటే ఏంది సారూ? పూజార్లు తిండికోసం పుట్టిచ్చిన మాట గాదా? రాత్రంతా యాది చేసుకున్న ఆ మాట. మస్తు నచ్చింది."

"అట్లా కాదు. సృష్టిలో ప్రతిదానికీ ఒక చోటు ఉంటుంది."

"ఎవలిచ్చిన్రు ఆ చోటు?" పటేలు చూపుడు వేలు పైకెత్తాడు, అచ్చం నాలాగే. "రుజువు సూపు సారూ, రుజువు."

నల్లగొండలో ఏళ్ల తరబడి ఉపన్యాసాలిచ్చినా నాకు ఒక్క శిష్యుడూ దొరకలేదు. ఇక్కడ ఒక్క పూటలో దొరికాడు, చేతిలో తుపాకితో. నేను ఏ దారిన పోయినా అక్కడ నా మాటే అడ్డంగా నిలబడి ఉంది. నా ఎదుటివాళ్లు ఇన్నాళ్లూ ఎంత నరకం అనుభవించారో అప్పుడు తెలిసి వచ్చింది.

పరుగున ఎల్లవ్వ దొడ్డికి పోయాను. ఆమె గొర్ల పాలు పిండుతోంది. తల ఎత్తలేదు. జీపు కబురు అప్పటికే ఆమెను చేరింది.

"నిన్న గెలిస్తివి గదా సారూ. మల్ల గిట్ల ఉరుకొచ్చినవేంది?"

"అవ్వా, నేను ఓడిపోవాలి."

"ఎప్పటాల్లకు?"

"జీపు వచ్చే లోపల."

అప్పుడు తల ఎత్తింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. "నేను ఈ ఊరికి కోడలుగ ఒచ్చిన్నాటి సంది సూస్తున్న దాన్ని," అంది. "అది లేని బీడు ఎట్లుంటదో నాకు ఎరుక లేదు. ఎరుక గావాలని లేదు."

ఆమె చేతులు కడుక్కుని లేచింది.

"పందెమేంది? గొర్రె తుమ్మాలె, గంతే గదా."

"తుమ్ముతుందా?"

"గొర్రెన్నంక తుమ్మకుంటే పాట పాడ్తదా? రోజూ తుమ్ముతయి."

"ఆ ముక్క నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు జెప్పనిస్తివా? నువ్వే అడ్గుతివి, నువ్వే జవాబు జెప్తివి, నువ్వే సప్పట్లు కొట్టిచ్చుకుంటివి."

ఒక పొట్టేలును తోలుకుని ఇద్దరం పటేలు వాకిట్లోకి పోయాం. దారి పొడుగునా దాని ముక్కువైపే చూస్తూ నడిచాను. అది మహా ఆరోగ్యంగా ఉంది. వాకిట్లో ఆరబోసిన జొన్నల్లో మూతి పెట్టింది. పుట్టిన్నాటి నుంచీ రోజూ తుమ్మిన జీవం ఆ పూట తుమ్మడం మానేసింది.

"ఏంది, పొట్టేలును పట్కొచ్చిన్రు?" అన్నాడు పటేలు.

"సుస్తయింది పటేలా," అంది ఎల్లవ్వ.

"సుస్తయినదేనా నా జొన్నలన్ని బుక్కుతాంది?"

అంతలో వీధి మొదట్లో జీపు హారను వినిపించింది. కుక్కలు మొరిగాయి. టోపీ పెట్టుకున్న బావమరిది దిగాడు, భుజానికి పెద్ద తుపాకి. ఊరంతా పోగయింది. పొట్టేలు దగ్గర వంగి దాని ముక్కులోకి ఊదాను. అది నన్ను జాలిగా చూసింది. ఎల్లవ్వ మాత్రం బొడ్లోంచి చిన్న డబ్బీ తీసింది. ఆమెకు ముక్కుపొడి పీల్చే అలవాటుంది. పొట్టేలు మూతి నిమురుతున్నట్టు నిమిరి, గుప్పెట్లో ఉన్న పొడంతా దాని ముక్కులో కూరింది.

పాఠకులారా, తుమ్ములు మీరూ చాలా విని ఉంటారు. అది తుమ్ము కాదు. బండరాళ్లు పేల్చేచోట వినబడే చప్పుడు. పొట్టేలు నాలుగు కాళ్లూ నేల విడిచాయి. తుమ్మింది, మళ్లీ తుమ్మింది, పటేలు తెల్లదోతి నిండా తుమ్మింది.

"తుమ్మింది," అని అరిచాను. నా జీవితంలో అంత ఆనందంగా ఏ సత్యాన్నీ ప్రకటించలేదు. "నేను ఓడిపోయాను. మంగలిని పిలవండి."

బావమరిది పకపకా నవ్వాడు. "పొట్టేలుకు పడిశం పట్టింది బావా. దానికీ పిట్టకూ ఏం సంబంధం?"

ఎంత సవ్యమైన మాట. ఆ గుంపులో హేతువాది అతనొక్కడే. అతణ్ణి ఓడించడం కోసం నేను అరుగు ముందు రాయి మీద కూర్చుని గడ్డం పైకెత్తాను. జాతరల్లో మోసాలు బయటపెట్టిన మనిషిని, గొర్రె ముక్కులో పొడి కూరించి, శాపం నిజమని నలుగురిలో ఒప్పుకుంటూ కూర్చున్నాను. కత్తి ఒకవైపు నుంచి మొదలైంది. సగం పోయాక మంగలి ఆగి, "సాలునా సారూ?" అన్నాడు. "పూర్తిగా," అన్నాను.

పటేలు దోతి వైపు చూసుకున్నాడు. నా ముఖం వైపు చూశాడు.

"బావా," అన్నాడు చివరికి, "మీసం ఇడిసిపెట్టి అబద్ధమాడే మొగోడు ఉంటడా? నాకూ మంద ఉన్నది. కోడిని కోయిస్త, తిని పో."

జీపు కోడి తిని పోయింది.

తర్వాత నల్లగొండ పోతే మిత్రులు నన్ను గుర్తు పట్టలేదు. "మీసం ఏమైందయ్యా?" అన్నారు. వాదనలో ఓడానన్నాను. "ఎవరి చేతిలో?" అన్నారు. గొర్రె చేతిలో అన్నాను. వాళ్లు ఎంత నవ్వారో నేను రాయను. వాళ్లకు చెప్పని ముక్క ఒకటి ఉంది, దాన్ని మాత్రం రాస్తాను.

జీపు పోయిన సాయంత్రం నాకు మనశ్శాంతి లేదు. పిట్ట బతికింది, కానీ అబద్ధం మీద బతికింది. రేపు నాలాంటి ఇంకొక మేధావి సైకిలెక్కి వస్తాడు. నేను జనం మనసులోంచి భయాన్ని పీకి, ఆ జాగాలో ఏమీ పెట్టకుండా చేతులు దులుపుకున్నాను. అదీ నా అసలు తప్పు. పటేలు దగ్గరికి పోయి, "బట్టమేకను ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను. "కూర సంగతి ఇన్న. పిట్టను సూడలే," అన్నాడు. రేపు పొద్దున రమ్మన్నాను. తుపాకి లేకుండా రమ్మన్నాను.

మర్నాడు ఎల్లవ్వ, పటేలు, నేను ముగ్గురం రేగుపొదల చాటున కూర్చున్నాం. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు, మబ్బు పట్టి ఉంది. దిబ్బ మీదికి పుంజు నడిచి వచ్చింది. ఆగింది. మెడ నిటారుగా పెట్టి గాలి మింగడం మొదలుపెట్టింది. గొంతు కింద తెల్లటి సంచి ఉబ్బి ఉబ్బి జారి, కాళ్ల దాకా వేలాడింది. తోక వీపు మీదికి విసనకర్రలా విచ్చుకుంది. అప్పుడు పిలిచింది. ఖాళీ కాగు మూతి మీద నోరు పెట్టి పిలిస్తే ఎట్లుంటుందో అట్లాంటి పిలుపు. చెవికి కాదు, రొమ్ముకు వినబడింది. ఆ పిలుపు గడ్డి మీదుగా పోయి, ఎక్కడా ఏదీ తగలక, అట్లాగే పోతూ ఉంది. మళ్లీ పిలిచింది. ఆ జాతిలో దానికి జవాబు చెప్పే పుంజు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. అయినా ఆగి, విని, మళ్లీ పిలిచింది. దానికి ఏ దేవత పేరూ అక్కర్లేదు. ఆ తెల్లవారుజామున ఆ దిబ్బ మీద అది తప్ప ఇంకేమీ అవసరం లేదు.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. అది గడ్డిలోకి దిగిపోయాక పటేలు వైపు చూశాను. ఆయన తలపాగా తలమీద లేదు, ఒళ్లో ఉంది.

"ఉక్కపోస్తాంది," అన్నాడు. చలికి మా ముగ్గురి పళ్లూ టకటకలాడుతున్నాయి.

"పటేలా," అన్నాను, ఇక దాచలేక, "నిన్నటి తుమ్ము నిజం కాదు. ముక్కుపొడి."

"నా దోతి అంతా పొడే గదా సారూ. నాకు కండ్లు లేవనుకున్నవా?"

"మరి జీపును ఎందుకు తిప్పి పంపారు?"

"మీసం పోతుంటే నీ మొఖం సూసిన. గంత ఇష్టమైనదాన్ని ఇడుస్తుండంటే, గా పిట్టల ఏందో ఉన్నది, ముందుగాల సూడాలె అనిపిచ్చింది." ఆయన దిబ్బ వైపు చూపు తిప్పలేదు. "కోస్కతింటే మల్ల సూడరాదు గదా. మా బావమరిదికి జెప్త, ఈడ ఏం లేదని."

ఎల్లవ్వ నా కాళ్ల వైపు చూస్తోంది.

"సెప్పులు ఇడ్సినవేంది సారూ?"

కిందికి చూసుకున్నాను. నిజమే. ఎప్పుడు విడిచానో నాకే తెలియదు, పక్కనే జంటగా పెట్టి ఉన్నాయి.

"ముల్లు గుచ్చుకుందవ్వా."

"రెండు కాళ్లకానా?"

నేను చెప్పులు చేత పట్టుకుని లేచాను. అది నేను ఓడిన వాదనల్లో లెక్క వేసుకోవచ్చు.

కనుక, నవ్వుతున్న పాఠకులారా, తర్కం మీదా, టీకాల మందు మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. నేను మారలేదు. మందమ్మ ఇప్పటికీ లేదు, రేపూ ఉండదు, ఈ మాట ఏ చావడిలో నిలబడైనా చెబుతాను. కానీ ఇక మీదట ఏ దేవతను ఏ ఊరినుంచి తరమవలసి వచ్చినా, ముందు గుట్టుగా పోయి, ఆమె కొంగు చాటున ఎవరు గుడ్డు పొదుగుతున్నారో చూసి మరీ తరుముతాను.